గ్రాఫు మీద వాలిన ఈగ

ఇంజినీరింగ్ విద్యార్థుల్లో నిజాయితీ తగ్గిపోయిందని బాధపడేవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్ రికార్డులు దిద్ది ఉండరు. నేను 20 ఏళ్లుగా దిద్దుతున్నాను. సెక్షన్‌లో 60 మంది ఉంటే 60 మందికీ ఒకే రీడింగు, ఆఖరి దశాంశ స్థానం దాకా తేడా లేకుండా వస్తుంది. సొంత అన్నదమ్ములకైనా ఏ లెక్కలోనూ ఇంత ఏకాభిప్రాయం కుదరదు. ఇంతటి ఐకమత్యాన్ని పట్టుకుని కాపీ అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

అది వారసత్వం. సీనియర్ రికార్డు జూనియర్ చేతికి వస్తుంది, అక్కణ్నుంచి వాడి జూనియర్‌కు పోతుంది. వెనకటికో లేఖరి తాళపత్ర గ్రంథానికి నకలు రాస్తుంటే, మూలంలో ఒకచోట చచ్చిన ఈగ అతుక్కుని కనబడిందట. ఆయన ఓపిగ్గా ఇంకో ఈగను పట్టి, చంపి, తన ప్రతిలో సరిగ్గా అదే చోట అతికించాడు. హిందీలో మక్కీ అంటే ఈగ కదా, మనం మక్కీకి మక్కీ అంటామే, అది ఆ ఈగ పుణ్యమే. మా ల్యాబ్‌లోనూ అలాంటి ఈగ ఒకటుంది. నూనె చిక్కదనం కొలిచే రెడ్‌వుడ్ విస్కోమీటర్ ప్రయోగంలో, 50 మిల్లీలీటర్ల నూనె కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే చోట, ఏ బ్యాచ్ మహానుభావుడో ఉష్ణోగ్రత 43.0 అని రాయబోయి చుక్క మరిచాడు. అప్పటినుంచీ మా నూనె 430 డిగ్రీల దగ్గర మంట కాదు కదా, పొగ కూడా రాకుండా ప్రశాంతంగా కారుతూనే ఉంది. వైవాలో ఒకబ్బాయిని అడిగాను, "ఆ వేడిలో నూనె ఏమవుతుందోయ్?" అని. వాడు ఏమాత్రం తడబడలేదు. "తెలియదు సార్, మీరే సంతకం పెట్టారు" అన్నాడు. తిరగేసి చూస్తే నిజమే. ఆరు బ్యాచ్‌ల రికార్డుల్లో ఆ 430 కింద నా సంతకం ముత్యంలా ఉంది.

రీడింగులు రాయడంలో ఉన్న శ్రమ బయటివాళ్లకు తెలియదు. వాళ్లేమో ముందు ప్రయోగం చేసి, తర్వాత లెక్కకట్టి, చివర్న గ్రాఫు గీస్తారనుకుంటారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా దగ్గర ముందు జవాబు పుడుతుంది. లాగితే సాగకుండా ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె, అదే యంగ్స్ మాడ్యులస్, ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్స్ అని పుస్తకంలో ఉంది కాబట్టి ముందు అది రాసుకుంటారు. దాన్నుంచి గీత, గీత నుంచి చుక్కలు, చుక్కల నుంచి రీడింగులు. ఇక్కడే అసలైన మేధస్సు కనిపిస్తుంది. చుక్కలన్నీ గీత మీదే పడితే అనుమానం వస్తుందని మూడో చుక్కను కాస్త పైకి, ఏడో చుక్కను కాస్త కిందికి జరుపుతారు. ప్రకృతి ఇంత ఆలోచించి తప్పులు చేయదు. ఈ కష్టంలో సగం పెడితే ప్రయోగమే చేసెయ్యొచ్చు కదా అని ఒకామె అడిగారు. కొత్తగా చేరారు లెండి.

రాతపనిలోనూ మనవాళ్లు వెనకబడలేదు. ప్లేజరిజం పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చి వాక్యాలు ఎంత శాతం కలిశాయో చెప్పడం మొదలెట్టగానే, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. అది ప్రతి మాటకూ పర్యాయపదం వెతుకుతుంది. దాంతో 'కృత్రిమ మేధ' కాస్తా 'నకిలీ చైతన్యం' అయింది, 'బిగ్ డేటా' భారీకాయ సమాచారమై కూర్చుంది. ఇదంతా కుర్రచేష్ట అనుకునేరు. ఇలాంటి మాటలు అచ్చయిన పరిశోధన పత్రాల్లోనే దొరికాయి. వాటిని 2021లో కొందరు పరిశోధకులు ఏరి, టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు పెట్టారు, అంటే చిత్రహింసలు పడ్డ మాటలని. దొంగతనం బయటపడకుండా మాటను హింసించాలన్న ఆలోచన మాస్టార్లకే వస్తే, పిల్లల్ని అనడమెందుకు?

చాట్‌బాట్ వచ్చాక పాపం సీనియర్లకు గిరాకీ తగ్గింది. మొన్నొక ప్రాజెక్టు రిపోర్టులో, "ఒక భాషా నమూనాగా నేను ఈ ప్రయోగాన్ని స్వయంగా చేయలేదు" అన్న వాక్యం చూశాను. ఆ 70 పేజీల్లో నిజం చెప్పింది ఆ వాక్యమొక్కటే కాబట్టి దానికి మార్కులు వేశాను.

ఇవన్నీ ఉద్యోగంలో పనికొస్తాయా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఎందుకు పనికిరావు? ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లనే తీసుకోండి. తన పొగను పరీక్షిస్తున్నారో లేదో కారు తనే పసిగట్టేది. చక్రాలు తిరుగుతున్నా స్టీరింగ్ కదలట్లేదంటే ఇది రోడ్డు కాదు, పరీక్ష అని గ్రహించి బుద్ధిగా పొగ తగ్గించేది. ఇన్విజిలేటర్ వస్తే నిటారుగా కూర్చునే కుర్రాడికీ ఆ కారుకూ తేడా చెప్పండి. రోడ్డెక్కాక దాని నైట్రోజన్ ఆక్సైడ్లు అమెరికా పరిమితికి 40 రెట్ల దాకా పోయేవి. ప్రపంచం మొత్తంమీద సుమారు 1.1 కోట్ల కార్లలో ఇలా పసిగట్టే సాఫ్ట్‌వేర్ ఉందని 2015లో బయటపడింది. 2017లో ఒక ఇంజినీరుకు 40 నెలల జైలు వేశారు. 40 రెట్లకు 40 నెలలు. అంకెలు ఇంత చక్కగా కలిస్తే మా ల్యాబ్ రికార్డేమో అనిపిస్తుంది గానీ, ఈ రెండూ నిజమే.

దీన్ని బయటికి లాగింది వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన చిన్న బృందం. కొలిచే యంత్రాన్ని కారులోనే పెట్టుకుని రోడ్ల మీద తిరిగారు. వచ్చిన రీడింగు వచ్చినట్టు రాసుకున్నారు. సీనియర్ రికార్డు దొరక్కపోతే మనిషి ఎంతకు తెగిస్తాడో చూడండి.

పాత లెక్క మీద గౌరవం మనకొక్కరికే సొంతం కాదు. కెనడాలో క్యుబెక్ వంతెన కట్టేటప్పుడు ప్రధాన స్పాన్‌ను, అంటే రెండు స్తంభాల నడిమి దూరాన్ని, 1600 అడుగుల నుంచి 1800 అడుగులకు పెంచారు. వంతెన సొంత బరువుకు మాత్రం పాత అంచనానే ఉంచేశారు, మళ్లీ సరిగా లెక్కకట్టలేదు. 1907 ఆగస్టు 29న, ఇంకా కడుతుండగానే, అది నదిలో కూలింది. 75 మంది పనివాళ్లు పోయారు. ఆ దేశంలో 1925 నుంచి కొత్త ఇంజినీర్లు ప్రమాణం చేసి, రాసే చేతి చిటికెన వేలికి ఇనుప ఉంగరం పెట్టుకుంటున్నారు. మొదటి ఉంగరాలు కూలిన వంతెన ఇనుముతోనే చేశారని ఒక కథ ఉంది. నిజం కాదట. అయినా నమ్ముతారు, కథ అంత అందంగా గీత మీద కూర్చుంది మరి.

రాస్తున్నప్పుడల్లా ఆ ఉంగరం కాగితానికి రాసుకుంటుందట. మా దగ్గర పెడితే కాపీకి అడ్డమని నెలలోపే తీసేస్తారు.

ఇక పోయిన వారం జరిగింది చెప్పాలి. రికార్డుల దొంతరలో ఒకదాంట్లో యంగ్స్ మాడ్యులస్ 171 అని ఉంది. చుక్కలు గీతకు అటూ ఇటూ చెల్లాచెదురుగా పడ్డాయి. కింద ఒక వివరణ కూడా: "తీగ రెండు చోట్ల వంగి ఉంది. మైక్రోమీటరుకు జీరో ఎర్రర్ ఉంది, దాన్ని తీసేసి లెక్కకట్టినా ఇంతే వచ్చింది." కొట్టివేతలు నాలుగు. పిలిపించాను.

"ఎవరి రికార్డు చూసి రాశావు?"

"ఎవరిదీ చూడలేదు సార్. నేనే చేశాను."

"అందుకే ఇలా తగలడింది. మిగతా 59 మందికీ 200 వస్తే నీ ఒక్కడికే 171 ఎలా వస్తుంది?"

"వాళ్లు చేసిన రోజు ఆ తీగ స్టాండులో లేదు సార్. స్టోర్‌లో ఉంది."

క్రమశిక్షణ అన్నాక కొంత కఠినంగా ఉండక తప్పదు. ఎర్ర సిరాతో 'రిపీట్' అని రాశాను. సంతకం పెట్టి, కింద పోయిన నెల తేదీ వేశాను.