పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డ పంతులు

అమెరికాలోని లూసియానాలో ఒక చెరకు తోట. దాని యజమాని ఇంటికి ఒక నల్లజాతి బడిపంతులు పని మీద వస్తాడు. పెరటి గుమ్మంలోంచి వచ్చి వంటగదిలో నిలబడతాడు. లోపల దొరల కబుర్లూ భోజనాలూ సాగుతూనే ఉంటాయి. రెండు గంటలు దాటిపోతుంది. వంటమనిషి జాలిపడి ఏదైనా తినమంటే వద్దంటాడు. చివరికి అక్కడి పోలీసు అధికారి, షెరీఫ్, వచ్చి సంగతేమిటని అడుగుతాడు. జైల్లో ఉన్న కుర్రవాణ్ణి చూడడానికి ఒక ముసలామెకు పదే పదే వచ్చే ఓపిక లేదని చెబుతూ పంతులు ‘డజంట్’ అంటాడు. షెరీఫ్ ఆ మాటను ఒత్తి పలికి చూస్తాడు. నల్లవాడి నోట ‘డోంట్’ అని రావాలి. వ్యాకరణం తప్పకపోవడమే అక్కడ పొగరు కింద లెక్క.

ఎర్నెస్ట్ గెయిన్స్ 1993లో ప్రచురించిన ‘ఎ లెసన్ బిఫోర్ డైయింగ్’ నవలలోని ఘట్టం ఇది. ఆ పంతులు పేరు గ్రాంట్ విగ్గిన్స్. ఇది చదువుతుంటే నాకు ఈ దేశం వచ్చిన తొలి రోజులు గుర్తొచ్చాయి. ఫోనులో నా యాస విని, ‘మాట్లాడడానికి ఇంకెవరైనా ఉన్నారా’ అని అవతలి గొంతు అడిగిన రోజు గుర్తొచ్చింది. వెంటనే గ్రాంట్ పక్కన చేరిపోయాను. మనలో చాలామంది అలాగే చేరిపోతారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అక్కడే ఆగిపోతే నవల సగమే చదివినట్టు.

పుస్తకం మూశాక నాకు నిద్ర పట్టనివ్వనిది మరో పెరటి గుమ్మం. మా ఊళ్ళో మా తాతగారి ఇంటిది. పాలేరు ఆ గుమ్మం దాకానే వచ్చేవాడు. అతని సత్తు గ్లాసు చూరులో దోపి ఉండేది. తనే తీసుకుని, కడుక్కుని, రెండు చేతులా పట్టుకుని వంగి నిలబడేవాడు. మా నాయనమ్మ చెంబు తగలకుండా పైనుంచి మజ్జిగ పోసేది. నేను అరుగు మీద కథల పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. అప్పటికి నాకు పదేళ్ళు. మా నాన్నగారి వయసున్న ఆ మనిషిని ‘ఏరా’ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ‘చిన్నయ్యగారూ’ అనేవాడు.

గ్రాంట్ వంటగదిలో నిలబడి ఉన్నప్పుడు, నేను లోపలి గదిలో భోజనం చేస్తున్నవాళ్ళలో ఉన్నాను. ఆ సంగతి తెలియడానికి నాకు యాభై ఏళ్ళు వచ్చాయి, ఒక నవల కావలసి వచ్చింది.

కథ 1940ల చివరిది. జెఫర్సన్ అనే నల్లజాతి కుర్రవాడు, తెలిసినవాళ్ళు కారు ఎక్కించుకుంటే ఒక సారా దుకాణానికి వెళ్తాడు. అక్కడ కాల్పులు జరిగి ముగ్గురు చనిపోతారు, ఇతనొక్కడు మిగులుతాడు. తెల్లవాడైన దుకాణదారు చనిపోయాడు కాబట్టి ఎవరో ఒకరికి శిక్ష పడాలి. జూరీలో 12 మందీ తెల్ల మగవాళ్ళే. ఇతని తరఫు లాయరు చేసిన వాదన వింటే ఒళ్ళు జలదరిస్తుంది: వీడికి పథకం వేసేంత బుద్ధి ఎక్కడిది, వీణ్ణి విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టడమూ పందిని కూర్చోబెట్టడమూ ఒకటే అంటాడు. కాపాడవలసిన నోరే ఆ మాట అంది. మరణశిక్ష పడుతుంది.

పెంచిన తల్లి మిస్ ఎమ్మా విడుదల అడగదు. అది జరగదని ఆమెకు తెలుసు. ఆ కుర్చీ దగ్గరికి వాడు పందిలా కాక మనిషిలా నడిచి వెళ్ళాలి, అది నేర్పమని గ్రాంట్‌ను పంపుతుంది. గ్రాంట్‌కు వెళ్ళాలని లేదు. చదువుకున్నవాడు, ఆ ఊరు వదిలిపోవాలని కలలు కంటున్నవాడు. ఒకరోజు జైలు గదిలో, ఎమ్మా వండి పంపిన అన్నం సంచీ ముందు జెఫర్సన్ మోకాళ్ళ మీద కూలబడి, చేతులు తాకించకుండా సంచీలో తల దూర్చి తింటాడు. పంది ఎలా తింటుందో చూపిస్తాడు. లాయరు అన్న మాట వాడిలోకి ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి గెయిన్స్ ఇంకేమీ వివరించడు.

తర్వాత మెల్లగా కదలిక వస్తుంది. ఒక చిన్న రేడియో వస్తుంది. వేరుశనగలు వస్తాయి. బడిపిల్లలు చూడడానికి వస్తే, వాళ్ళలో ఒకడు తన గోళీ ఇస్తాడు. రాసుకోమని గ్రాంట్ ఒక నోటుబుక్కు ఇస్తాడు. నవలలో ఒక అధ్యాయమంతా ఆ నోటుబుక్కే. విరామచిహ్నాలు లేవు, పెద్దక్షరాలు లేవు, స్పెల్లింగులన్నీ తప్పులే. ‘డజంట్’ దగ్గర మొదలైన కథలో, భాషే రాని కుర్రవాడి రాతకు వచ్చేసరికి పంతులు నోట మాట రాదు. మనిషిలా ఉండడమెలాగో నేర్పడానికి వెళ్ళినవాడు, నేర్చుకుని వస్తాడు. చివరి పేజీలో తన పిల్లల ముందు నిలబడి ఏడుస్తాడు.

ఆ మార్పు జెఫర్సన్‌ను బతికించదు. కుర్చీ లారీలో ఊరికి వస్తుంది. దాన్ని నడిపే జనరేటరు మోత వీధుల్లో వినిపిస్తుంది. నేను గెయిన్స్‌ను నమ్మేది ఇందుకే. లూసియానాలోనే 1946లో విల్లీ ఫ్రాన్సిస్ అనే 17 ఏళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి అలాంటి లారీ కుర్చీలోనే కూర్చోబెట్టారు. కుర్చీ సరిగ్గా పనిచేయక బతికాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, మళ్ళీ కుర్చీ ఎక్కించవచ్చని అయిదుగురు జడ్జీలు అంటే నలుగురే అతని పక్షాన నిలిచారు. 1947 మేలో రెండోసారి కూర్చోబెట్టి చంపారు.

‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల మీద నాకు ప్రేమ ఉంది. మన పిల్లలు ఇక్కడి బళ్ళలో చదువుతారు, చదవాలి కూడా. అయితే ఆ నవలలో చేయని నేరానికి జైలుపాలైన నల్లవాడు టామ్ రాబిన్సన్ ఒంట్లోకి 17 తూటాలు దిగితే, బుద్ధి వికసించేది ఒక తెల్లపిల్లకు. జైల్లో టామ్ ఏమనుకున్నాడో మనకు తెలియదు. చనిపోయే మనిషి చేతికి కలం ఇచ్చిన నవలను కూడా దాని పక్కన పెట్టి చదివించాలని నేను అడుగుతున్నాను.

అమెరికా నల్లవాళ్ళ బాధ మనకు కొత్త కాదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా తెలుగులోకి తెచ్చారు. బానిసగా పట్టుకొస్తుంటే ఓడ అడుగున గొలుసులతో పడి ఉన్న కుంటా కింటే కోసం మా తరం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదే తరం ఈ దేశం వచ్చింది. మొన్న ఉగాది భోజనాల దగ్గర, ఇల్లు వెతుక్కుంటున్న ఒక కుర్ర జంటతో పెద్దలు ఏమన్నారో నా చెవులతో విన్నాను. “ఆ వైపు వద్దమ్మా, అక్కడ వాళ్ళు ఎక్కువ.” వాళ్ళంటే ఎవరో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పులిహోర వడ్డించుకుని ముందుకు కదిలాను. పదేళ్ళ కిందట ఇల్లు కొన్నప్పుడు నేనూ ఆ సలహానే పాటించాను. కుంటా కోసం ఏడ్చినవాణ్ణి, కుంటా వారసుల పక్కింట్లో ఉండడానికి జంకాను.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో కూడా ఒకసారి తలుచుకోవాలి. విల్లీ ఫ్రాన్సిస్‌ను కుర్చీలో కూర్చోబెట్టిన ఆ 1946లోనే చట్టం మార్చి, భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికి ఈ దేశం తలుపు తెరిచింది. అక్షరాలా వంద. ఆ లెక్కను చెరిపేసిన వలస చట్టం 1965లో వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చిన ఊపులోనే అది కూడా వచ్చింది. వాటికోసం దెబ్బలు తిన్నది, జైళ్ళకు వెళ్ళింది మనం కాదు. మనం ‘వాళ్ళు’ అంటున్నవాళ్ళు.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. వచ్చే ఫిబ్రవరిలో మన సాహిత్య సమావేశాన్ని గెయిన్స్ నవలకు కేటాయించండి. ఇంగ్లీషులో చదివినవాళ్ళు తెలుగులో మాట్లాడుకుందాం. పిల్లలను కూడా తీసుకురండి, జెఫర్సన్ నోటుబుక్కు వాళ్ళ చేత పైకి చదివిద్దాం. మా లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒక నల్లజాతి టీచరమ్మ గారిని కూడా రమ్మని పిలిచాను. ఆ నవలను ముప్ఫై ఏళ్ళుగా ఏటా చదువుతున్నారట. మా ఊరి పెరటి గుమ్మం సంగతి, చూరులో గ్లాసు సంగతి ఆవిడకు చెప్పి ఉన్నాను. వస్తానన్నారు. ఒక్కటే అడిగారు.

“మీ వాళ్ళ ముందు కూడా ఆ గ్లాసు గురించి చెప్తారా?”

చెప్తానన్నాను.