పై అంతస్తు ఇళ్ల సంగతి కూడా రాయాల్సింది

నగరాల్లో ఇళ్ల కరెంటు వాడకం పెరగడానికి ఏసీలే కారణమని ఒక వ్యాసంలో చదివాను. నిజమే, కానీ ఆ ఏసీ అంతసేపు ఎందుకు నడుస్తోందో కూడా చూడాలి కదా. మేం ఉప్పల్‌లో అద్దె ఇంట్లో, పై అంతస్తులో ఉంటాం. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. కింది అంతస్తు వాళ్లకు ఫ్యాను సరిపోతుంది. మాకు ఏసీ వేస్తే గానీ పిల్లలకు నిద్ర పట్టదు. ఒకే బిల్డింగ్, ఒకే సైజు ఇల్లు, బిల్లులో మాత్రం ఎంతో తేడా.

పోయిన వేసవికి ముందు ఓనర్ గారిని ఒప్పించి డాబా మీద రెండు కోటింగులు సున్నం వేయించాం. గది పూర్తిగా చల్లబడిందని అనను, కానీ రాత్రి ఏసీ ముందుకన్నా గంటన్నర ఆలస్యంగా వేస్తున్నాం. మాకు అదే పెద్ద ఊరట.

ఎండ వేడిని తిప్పికొట్టేలా డాబాలకు పూత లాంటివి వేయించాలని తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అయితే ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే అది తప్పనిసరి. నూరు, నూటయాభై గజాల్లో కట్టిన ఇళ్లకు ఓనర్ ఇష్టం. బిల్లు కట్టేది మేము, డాబా ఆయనది. ఇక ఎవరు ఖర్చు పెడతారు?

ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వచ్చే కుటుంబాలకు ఇది ఇంకా ముఖ్యం. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. పై అంతస్తులో ఉన్నవాళ్లకు మే నెలంతా అదే టెన్షన్.