సవరణ: సెయింట్ మేరీస్ దీవిలో రాత్రి బస ఉండదు

బెంగళూరు నుంచి వీకెండ్‌కి వెళ్లదగ్గ ప్రశాంతమైన తీరాల గురించి మొన్న పెట్టిన పోస్టులో, ఉడుపి దగ్గర మల్పె నుంచి వెళ్లే సెయింట్ మేరీస్ దీవిలో టెంట్ వేసుకుని రాత్రి ఉండొచ్చని, ఏడాది పొడుగునా పడవలు తిరుగుతాయని ఉంది. రెండూ నిజం కాదు. రాత్రి బసకు అనుమతి లేదు, సాయంత్రానికల్లా అందరూ ఒడ్డుకు వచ్చెయ్యాల్సిందే. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి సుమారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడవలు ఆపేస్తారు. పిల్లలతో జులైలో వెళ్దామని రైలు టికెట్లు తీసుకున్నవాళ్లు దయచేసి తేదీలు మార్చుకోండి.

అక్కడి రాళ్లు బసాల్ట్ (లావా గట్టిపడితే ఏర్పడే నల్లరాయి) అని కూడా ఆ పోస్టులో ఉంది. చూడ్డానికి అలాగే ఉంటాయి గానీ, అవి రయొలైట్ తరహా లావా, అంటే సిలికా ఎక్కువున్న వేరే రకం రాయి. దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోతున్న కాలం నాటివి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి నిలువునా పగిలింది, అందుకే ఐదారు పలకల స్తంభాలు పక్కపక్కన పేర్చినట్టు కనిపిస్తాయి. అంచులు గరుకు. కింద ఇసుక తక్కువ, గవ్వల ముక్కలు ఎక్కువ. గట్టి చెప్పులు తప్పనిసరి. రాళ్ల మధ్య ఈతకు మాత్రం దిగొద్దు.

ఇక జనం సంగతి. ఆదివారం మల్పె కిటకిటలాడుతుంది. సందడి లేని చోటు కావాలంటే, కొంచెం ఉత్తరాన కోడి బెంగ్రెకి వెళ్లండి. ఒకపక్క స్వర్ణ నది, ఇంకోపక్క అరేబియా సముద్రం, మధ్యలో సన్నటి నేల మీద జాలర్ల ఇళ్లు. నాకైతే దీవి కన్నా అదే ఎక్కువ నచ్చింది.