నొప్పి తగ్గితే సరే, ఆ రెండో మాత్ర ఎందుకు ఆపారు?

ఒడిశాలోని బరంపురంలో మా మేనమామకు కుడికాలి బొటనవేలు మొదటిసారి వాచింది అర్ధరాత్రి దాటాక. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయారు. "దెబ్బ తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు, నిప్పు పెట్టినట్టుందిరా" అన్నారు. తెల్లారాక మందుల షాపు నుంచి నొప్పి బిళ్లలు తెప్పించుకున్నారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. ఐదు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరు పరీక్షలు చేయించి గౌట్ అని, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ అనే పదార్థం ఎక్కువై కీళ్లు వాచే జబ్బు అని చెప్పి, రెండు రకాల మందులు రాశారు. షాపులో వాటిని రెండు కాగితం కవర్లలో వేసి, ఎలా వాడాలో పైన ఒడియాలో రాసిచ్చారు. మామయ్య ఒడియా గడగడా మాట్లాడతారు కానీ చదవలేరు. ఆయన చదువంతా తెలుగులోనే సాగింది. రెండూ నొప్పి మందులే అనుకుని, నొప్పి పోగానే రెండూ ఆపేశారు.

ఆ ఏడాదిలోనే ఇంకో మూడుసార్లు మంచం పట్టారు.

గౌట్ మందుల్లో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి మంట ఆర్పేది, రెండోది అసలు మంట పుట్టకుండా చూసేది. గంజాం దగ్గర హుమ్మ ఉప్పుమళ్లు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. నీటిలో ఉప్పు మోతాదు మించితే అడుగున గింజ కడుతుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్లలో అలాగే సూదుల్లాంటి స్ఫటికాలు కట్టవచ్చు. నొప్పి తగ్గినా అవి అక్కడే ఉంటాయి. యూరిక్ యాసిడ్‌ను 6 కంటే కిందికి దించి, ఏళ్ల తరబడి అక్కడే ఉంచితేనే మెల్లగా కరుగుతాయి.

మంట ఆర్పడానికి కొల్చిసిన్, నొప్పి బిళ్లలు, కొద్ది రోజుల స్టెరాయిడ్ వాడతారు. ఎవరికి ఏది అన్నది కిడ్నీ, షుగర్, బీపీ చూసి డాక్టరు తేల్చాలి. వాపు వచ్చిన ప్రతిసారీ షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల మింగేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. గౌట్ ఉన్నవాళ్లలో చాలామందికి కిడ్నీ ముందే బలహీనంగా ఉంటుంది, ఆ బిళ్లలు దాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. కొల్చిసిన్ కూడా కొద్ది మోతాదులోనే మందు, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. మన తూర్పు కనుమల్లో ఎర్రగా, పచ్చగా పూసే అగ్నిశిఖ దుంపలో ఉన్న విషం ఇదే. కొందరు దాన్ని అడవినాభి అంటారు. కీళ్లనొప్పికని ఎవరైనా ఆ దుంప ఇస్తే దయచేసి తినకండి.

రెండో పని చేసేవి ముఖ్యంగా అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్. అల్లోప్యూరినాల్ 1966 నుంచి వాడుకలో ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. సాధారణంగా 100 మిల్లీగ్రాములతో, కిడ్నీ బాగా లేకపోతే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, పరీక్షలు చూసుకుంటూ పెంచుతారు. ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఫెబుక్సోస్టాట్ విషయంలో గుండెజబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని 2019లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మాత్ర మొదలెట్టిన కొత్తలో స్ఫటికాలు కదిలి, గౌట్ మళ్లీ ఎగదన్నవచ్చు. "ఈ మందు పడలేదు" అని అప్పుడే పారేస్తారు. నిజానికి అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదు కొల్చిసిన్ కూడా తోడుగా ఇస్తారు. నొప్పి మధ్యలో వచ్చినా రోజూ వేసుకునే మాత్ర ఆపకూడదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 7.5 వచ్చిందని, ఏ కీలూ వాయకుండానే ఫెబుక్సోస్టాట్ మొదలెడుతున్నారు. మామూలుగా అలాంటివాళ్లకు మందు అక్కర్లేదు. బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి), టీబీ మందు పైరజినమైడ్ కూడా ఆ అంకెను పెంచుతాయి, ముందు అవి చూడాలి. పప్పు, టమాటా మానేయమనే సలహాలతో పెద్ద ప్రయోజనం లేదు. బీరు, కార్జం, తీపి కూల్‌డ్రింకులు తగ్గించడం మంచిదే గానీ, పథ్యంతో తగ్గేది ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ మాత్రమే.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో తెలుగు తప్ప చదవలేని పెద్దలు ఇంకా ఉన్నారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి సరిహద్దు మారింది గానీ ఇళ్లలో భాష మారలేదు. కవరు మీద రెండు ముక్కలు తెలుగులో రాయడానికి షాపువాళ్లకు అర నిమిషం చాలు. రాయడం రాకపోతే ఏది రోజువారీ మందో, ఏది నొప్పి మందో నోటితో చెప్పించుకుని, పక్కనున్న కుర్రాడి చేత రాయించుకోవచ్చు. పెద్ద ఆసుపత్రుల మందుల కౌంటర్ల దగ్గర తెలుగులోనూ ఒక బోర్డు పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను.

మామయ్య మనవరాలు ఇప్పుడు స్కెచ్ పెన్నుతో రాస్తోంది. ఒక కవరు మీద "రోజూ, నొప్పి లేకపోయినా", రెండోదాని మీద "వాచినప్పుడే, డాక్టరు చెప్పినన్ని" అని. ఆయన ఇప్పుడు రోజూ వేసుకునేది అల్లోప్యూరినాల్ 300 మిల్లీగ్రాములు. మొన్నటి పరీక్షలో యూరిక్ యాసిడ్ 5.6 వచ్చింది. తర్వాతి పరీక్ష ఏ నెలలోనో కూడా మొదటి కవరు మీదే రాసి ఉంది.