అండమాన్‌లో సూర్యుడికి క్రమశిక్షణ లేదు

అండమాన్ వెళ్లే తెలుగు పర్యాటకుల తరఫున ఒక తీవ్రమైన విషయం అధికారుల దృష్టికి తేవాలి. అక్కడి జనం సలహాలు ఇస్తున్నారు. ఉచితంగా, అడక్కముందే. వాటిలో ఒక్కటీ మన ఆచారాలకు సరిపడేలా లేదు.

ముందుగా సూర్యుడి సంగతి. దేశమంతటికీ గడియారం ఒకటే అయినా, దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి. అందువల్ల డిసెంబరులో సాయంత్రం ఐదు కొట్టేసరికి సూర్యుడు డ్యూటీ దిగిపోతున్నాడు. మనవాళ్లు పదింటికి టిఫిన్, రెండింటికి భోజనం, ఆపైన చిన్న కునుకు ముగించుకుని హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ బీచ్‌కు చేరేసరికి కటిక చీకటి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అని మెచ్చుకున్నది దీన్నే. టార్చిలైట్ వేసి చూస్తే మరీ అంత మేలుగా ఏమీ అనిపించలేదు. ‘మూడింటికే రావాలి సార్’ అంటారు స్థానికులు. అంటే కునుకు మానేయాలా? ప్యాకేజీకి పూర్తి డబ్బు కట్టినవాళ్ల కోసం సూర్యుణ్ణి ఓ గంటన్నర ఆపలేరా?

సముద్రానిదీ ఇదే వరస. నీల్ దీవిలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఉంది. చూడాలంటే ఆటు సమయంలోనే వెళ్లాలట, పోటు వస్తే దారి మునిగిపోతుందట. పోనీ ఆ వేళైనా స్థిరమా అంటే, రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ ఉంటుంది. ఇలాంటి టైమ్‌టేబుల్ మన ఆర్టీసీ పెడితే ఊరుకుంటామా?

బోటెక్కే ముందు పొట్ట నిండా తినొద్దన్నది ఇంకో సలహా. హోటల్లో ఫ్రీ బ్రేక్‌ఫస్ట్ ఉండగా ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! మనవాళ్లు ఆరేసి పూరీలు తిని, మధ్య సముద్రంలో అందరికీ కనిపించేలా నిరసన తెలిపారు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోకూడదట. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పగడమైనా సరే, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమట. ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టేస్తారు. ఇంటి దగ్గర షోకేసులో చోటు ఖాళీ చేసి మరీ బయల్దేరిన ఇల్లాలికి ఎవరు సమాధానం చెబుతారు?

అసలు అన్యాయం బారాటాంగ్ దీవికి పోయే దారిలో జరుగుతోంది. అది జరావా ఆదివాసులుండే అడవి. పోలీసు కాన్వాయ్ వెంటే పోవాలి, బండి ఆపకూడదు, వాళ్లను ఫొటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. వాళ్లూ మనుషులే కదా, తొంగిచూసి బిస్కెట్లు విసరడం తప్పంటారు! మరి అంత దూరం వెళ్లొచ్చామని చుట్టాలు ఎలా నమ్మాలి? బయటివాళ్లను దగ్గరికి రానివ్వని ఆదివాసులుండే ఉత్తర సెంటినల్ దీవిదైతే మరీ ఘోరం, చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి పోవడమే నిషిద్ధం. 2025లో ఒక అమెరికన్ అక్కడ కూల్‌డ్రింక్ టిన్ను కానుకగా పెట్టొచ్చి అరెస్టయ్యాడు. నిండు టిన్ను పాపం. మనమైతే మన బీచ్‌ల మర్యాద ప్రకారం ఖాళీది వదిలేవాళ్లం.

ఇక మొసళ్లున్నాయని పెట్టిన బోర్డుల మీద ఫిర్యాదేమీ లేదు. వాటి పక్కన నిలబడితే ఫొటో బాగా వస్తోంది.

ఇంత క్షోభలో కాస్త ఓదార్పు దొరుకుతుందని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) ఆటో ఎక్కాం. వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే డ్రైవర్ వెనక్కి తిరిగి, ‘ఏటి బావూ, తెలుగోళ్లా?’ అన్నాడు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబమట. ప్రాణం లేచొచ్చింది. మా బాధలన్నీ చెప్పుకున్నాం. శ్రద్ధగా విని, ‘మీరు బారాటాంగ్ ఎల్లాలంటే తెల్లారగట్ల మూడింటికి లెగాల బావూ, పూరీలు తినకండి’ అన్నాడు.

మనవాడే అలా మాట్లాడితే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?