గోల్ కొట్టేవాడు లేని జట్టుకు స్ట్రైకరే కోచ్

యూరప్ దేశాల ఫుట్‌బాల్ జట్లను స్థాయిని బట్టి విడదీసి ఆడించే టోర్నీ నేషన్స్ లీగ్. 2018లో అందులో లిథువేనియా ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ ఓడింది. 2024లో మళ్లీ అదే టోర్నీ, మళ్లీ ఆరుకు ఆరు ఓటములే. రెండుసార్లూ కోచ్ ఒక్కడే: ఎడ్గరస్ యాంకౌస్కస్. యూరప్ క్లబ్‌ల అతి పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్న తొలి లిథువేనియన్ అతనే. ఆటగాడిగా అంతటివాడు కోచ్‌గా తేలిపోయాడని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ లెక్కలు ఇంకాస్త చూస్తే విషయం అంత సింపుల్‌గా లేదు.

ప్రపంచ కప్, యూరో (యూరప్ దేశాల చాంపియన్‌షిప్) అర్హత పోటీల్లో ఇదే కోచ్, దాదాపు ఇలాంటి జట్టే వేరేలా ఆడింది. 2018 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో 6 పాయింట్లు వచ్చాయి. గ్లాస్గోలో స్కాట్లాండ్‌తో 1-1 డ్రా అందులో ఒకటి. అది కూడా చివరి నిమిషాల్లో గోల్ ఇచ్చుకోకపోతే గెలవాల్సిన మ్యాచ్. యూరో 2024 అర్హత పోటీల్లోనూ సరిగ్గా 6 పాయింట్లే. ఆ గ్రూపులో అగ్రస్థానం దక్కించుకున్న హంగరీతో 2-2 డ్రా చేసింది, బల్గేరియాను వాళ్ల గడ్డ మీదే 2-0తో ఓడించింది.

అంటే పెద్ద జట్లతో అయితే ఎలాగోలా నెట్టుకొచ్చింది, తన స్థాయి జట్లతో బోల్తా పడింది. కారణం ఊహించడం కష్టం కాదు. బలమైన ప్రత్యర్థి మీదికి వస్తున్నప్పుడు వెనక్కి తగ్గి గోల్ కాచుకోవచ్చు, బంతి దొరికితే ఎదురుదాడికి దిగొచ్చు. సైప్రస్ లాంటి జట్టు అలా మీదికి రాదు. బంతి నీకే వదిలేసి, ఏం చేస్తావో చేసుకోమంటుంది. అప్పుడు గోల్ కొట్టేవాడు కావాలి. 2024లో సైప్రస్ చేతిలో రెండుసార్లూ ఒక్క గోల్ తేడాతోనే ఓడారు.

విచిత్రం ఏమిటంటే, ఆ గోల్ కొట్టే పని కోచ్‌కు బాగా తెలుసు. విల్నియస్‌లో పుట్టిన యాంకౌస్కస్ మాస్కో, బ్రూగ్, శాన్ సెబాస్టియన్, లిస్బన్ మీదుగా 2002లో మౌరిన్హో కోచ్‌గా ఉన్న పోర్చుగల్ క్లబ్ పోర్టోకు చేరాడు. పొడగరి. ప్రత్యర్థి గోల్‌కు వీపు పెట్టి, డిఫెండర్‌ను కాచుకుంటూ, బంతిని అట్టే పెట్టి తోటివాళ్లకు అందించే రకం. అక్కడ మాత్రం తోటి స్ట్రైకర్లు డెర్లే, మెకార్తీల తర్వాతే అతని వంతు. 2004లో మొనాకోను 3-0తో ఓడించిన చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. జాతీయ జట్టుకు 56 మ్యాచ్‌ల్లో 10 గోల్స్ చేశాడు. ఆ 10 కూడా తక్కువేమీ కాదు. అతనికి బంతి అందించడానికి అక్కడ పక్కన పోర్టో మిడ్‌ఫీల్డర్ డెకో లేడు మరి.

అదే దేశపు మరో స్ట్రైకర్ వల్డస్ ఇవనౌస్కస్ అనుభవం దీనికి పూర్తిగా తలకిందులు. వియన్నా, హాంబర్గ్‌లలో ఆడిన అతను 2006 మార్చిలో స్కాట్లాండ్ క్లబ్ హార్ట్స్‌కు తాత్కాలిక కోచ్ అయ్యాడు. జట్టులో యాంకౌస్కస్ కూడా ఉన్నాడు. కప్ సెమీస్‌లో పక్కింటి శత్రువు హిబ్స్‌ను 4-0తో చిత్తు చేసినప్పుడు ఒక గోల్ యాంకౌస్కస్‌దే. ఆ ఏడాది స్కాటిష్ కప్, సెల్టిక్ వెనుక లీగ్‌లో రెండో స్థానం రెండూ దక్కాయి. అయినా ఏడాది తిరిగేసరికి ఇవనౌస్కస్ ఇంటికెళ్లాడు. క్లబ్ యజమాని వ్లదిమిర్ రొమనోవ్ అంతకుముందు జట్టు లీగ్‌లో అగ్రస్థానంలో ఉండగానే కోచ్ జార్జ్ బర్లీని పంపించేసిన మనిషి. జట్టు ఎంపికలోనూ వేలు పెడతాడని అప్పట్లో అందరూ అనేవారు. 2006 అక్టోబరులో కెప్టెన్ ప్రెస్లీ, మరో ఇద్దరు సీనియర్లు విలేకరుల ముందుకొచ్చి డ్రెస్సింగ్ రూమ్ అశాంతిగా ఉందని బాహాటంగా చెప్పేశారు.

ఇవనౌస్కస్‌కు ఆటగాళ్లు ఉన్నారు, స్వేచ్ఛ లేదు. యాంకౌస్కస్‌కు స్వేచ్ఛ ఉండేది, ఆటగాళ్లు లేరు. ఇద్దరిలో కప్పు ఎవరికి దక్కిందో చూస్తే ఫుట్‌బాల్‌లో ఏది ఎక్కువ పనికొస్తుందో తెలిసిపోతుంది.

అలాగని యాంకౌస్కస్‌కు క్లీన్ చిట్ ఇవ్వలేం. రెండు నేషన్స్ లీగ్‌లు, 12 మ్యాచ్‌లు, ఒక్క డ్రా కూడా లేదు. గోల్ కొట్టలేమని తెలిసినప్పుడు కనీసం 0-0 అయినా పట్టుకొచ్చే పద్ధతి వెతకాల్సింది. కానీ సుమారు 29 లక్షల జనాభా, ఎత్తుగా ఎదిగే ప్రతి పిల్లాడినీ బాస్కెట్‌బాల్ ముందుగా లాక్కుపోయే దేశం అది. అలాంటి చోట తన లాంటి ఇంకో స్ట్రైకర్ ఎక్కడి నుంచి వస్తాడు? ఈ ప్రశ్న కోచ్‌ను కాదు, అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యను అడగాలి.