ప్రకృతి ఖాతాలో రాసేస్తే సరా?

భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు సంగతి ఎప్పుడొచ్చినా, చిత్తడి నేలలు వదిలే వాటా దగ్గరికి వచ్చేసరికి ఒకటే జవాబు: అది సహజం. సహజం కాబట్టి ఎవరి బాధ్యతా కాదు, ఎవరి లెక్కలోకీ రాదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మొదలైన మీథేన్ ప్రతిజ్ఞలో ఇప్పుడు 150కి పైగా దేశాలున్నాయి. 2020తో పోలిస్తే 2030 కల్లా 30 శాతం తగ్గిస్తామని వాళ్లు మాటిచ్చింది మనుషుల వల్ల వెలువడే మీథేన్ గురించే. మనిషి చెయ్యి పడని బురదలోంచి వచ్చేది ఏ దేశం పద్దులోనూ కనిపించదు. గాలిలో చేరే మొత్తం మీథేన్‌లో పావు వంతుకు పైగా అదే అయినా సరే!

ఈ 'సహజం' ఎంత నిలకడైనదో మంచు యుగాన్ని అడిగితే తెలుస్తుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో తవ్వి తీసిన మంచు కడ్డీల్లో ఆనాటి గాలి బుడగల రూపంలో ఇప్పటికీ భద్రంగా ఉంది. గత మంచు యుగంలో గ్రీన్‌లాండ్ సుమారు పాతిక సార్లు హఠాత్తుగా వేడెక్కింది. కొన్నిసార్లయితే పది డిగ్రీలకు పైగా, అదీ కొద్ది దశాబ్దాల్లోనే. దాదాపు ప్రతిసారీ మీథేన్ కూడా వెంటే లేచింది. 11,700 ఏళ్ల కిందట చివరి చలిదెబ్బ వదిలినప్పుడు వంద కోట్ల పాళ్ల గాలిలో 500 పాళ్ల దగ్గరున్న మీథేన్ ఒకటి రెండు శతాబ్దాల్లో 700 దాటింది. ఒకే బుడగలోని నైట్రోజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న నైట్రోజన్ రకాలు) వేడిమిని చెబుతాయి, మీథేన్ తన కథ తాను చెబుతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటి మధ్య తేడా కొన్ని దశాబ్దాలే. భూమి వయసుతో పోలిస్తే అది రెప్పపాటు కూడా కాదు.

ఆ మీథేన్ ఎక్కడిది? సముద్రం అడుగున గడ్డకట్టిన నిల్వలు బద్దలయ్యాయని చాలాకాలం భయపెట్టారు. అంటార్కిటికాలోని టేలర్ హిమానీనదం నుంచి తీసిన పాత మంచులో, కార్బన్ వయసు చెప్పే కార్బన్-14 కొలిస్తే ఆ కథ నిలవలేదు. పాత కార్బన్ వాటా చాలా తక్కువని తేలింది. అసలు పని చేసింది చిత్తడి నేలలే. వేడిని ఉత్తరానికి మోసే అట్లాంటిక్ సముద్ర ప్రవాహం పుంజుకోగానే ఉష్ణమండలపు వర్షపు పట్టీ ఉత్తరానికి జరిగింది, రుతుపవనాలు బలపడ్డాయి, పల్లపు భూములు నీట మునిగాయి. గాలి ఆడని ఆ బురదలో సూక్ష్మజీవులు కుళ్లిన ఆకునీ వేరునీ మీథేన్‌గా మార్చాయి. బాంబులేవీ పేలలేదు. వాన పడింది, బురద పెరిగింది, అంతే. మాకు ఎక్కువ టెన్షన్ పుట్టిస్తున్నది ఈ 'అంతే'.

ఎందుకంటే ఇప్పుడూ జరుగుతున్నది అలాగే కనిపిస్తోంది. నేడు గాలిలో మీథేన్ 1,900 పాళ్లు దాటింది. 2007 నుంచి పెరుగుతున్న ఈ వాయువులో తేలికైన కార్బన్ వాటా ఎక్కువవుతోంది. అది సూక్ష్మజీవుల గుర్తు. లాక్‌డౌన్లతో చమురు తవ్వకం మందగించిన 2020లో పెరుగుదల రికార్డుకెక్కింది, 2021 దాన్నీ మించింది. మీథేన్‌ను విరగ్గొట్టే రసాయనాలు గాలిలో తగ్గడం ఒక కారణమైతే, ఉష్ణమండలపు చిత్తడి నేలలు తడిసి ఉబ్బడం మరో కారణం.

అప్పటి మంచు పలకలు ఇప్పుడు లేవు, పాత కథ యథాతథంగా తిరగబడదు అనేవారున్నారు. నిజమే, కాదనం. కానీ అప్పుడు వేడి పెంచింది సముద్రం, ఇప్పుడు పెంచుతున్నది మనం. మనం పెంచిన వేడికి బురద ఊపిరి పెంచితే దాన్ని 'సహజం' అనడం ఏ న్యాయం? ఇంటికి నిప్పుపెట్టి, పొగ మాత్రం గాలిది అన్నట్టుంది.

ఈ మాటతో ఇంకో మోసమూ నడుస్తోంది. బురదే ఇంత వదులుతుంటే మా గొట్టాల లీకులు ఎంత అనే గ్యాస్ కంపెనీల వాదన. లెక్క సరిగ్గా దీనికి తిరగేసి ఉండాలి. బురదకు కుళాయి లేదు. దాన్ని ఎండగట్టబోతే, సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న పీట్ నేలల్లోని కార్బన్ కాస్తా కార్బన్ డయాక్సైడ్‌గా గాలికెక్కుతుంది. కట్టగలిగిన కుళాయిలు గ్యాస్ గొట్టాలకీ బొగ్గు గనులకీ చెత్త గుట్టలకీ ఉన్నవే. బురద ఎంత ఎక్కువ వదిలితే వీటిని అంత ఎక్కువ బిగించాలి. 30 శాతం చాలదని చెప్పే ధైర్యం లేకే బురదను లెక్కలోంచి తీసేశారని మా అనుమానం.

శాస్త్రవేత్తల పక్షాన కూడా కొంత అలసత్వం ఉంది. భవిష్యత్తు అంచనా వేసే వాతావరణ మోడళ్లలో చాలావాటికి మీథేన్ అంకెను ముందే చేతికిస్తారు. వేడికి బురద ఎలా స్పందిస్తుందో అవి తమంతట తాము లెక్కించవు. అలాంటి అంచనాలు ముందేసుకుని మన నేతలు ఇంకా టైముందని చెబుతున్నారు. పద్దు పుస్తకంలో చిత్తడి నేలలకు ఒక గడి గీయడానికి ఇంకెన్ని సదస్సులు కావాలి వీళ్లకు?